అంతరిక్షనౌకలో బంధువులు

మార్చి 12, ఆదివారం సాయంత్రం. హాజరు: రేడియో భాయ్, టీచరమ్మగారు, నేను.

నా పాత డైరీలో ఒక పేజీ ఇలా మొదలవుతుంది. ఏ రోజు ఎవరితో మాట్లాడానో పైన హాజరు వేసుకోవడం ఉద్యోగంలో చేరిన కొత్తలో పట్టుకున్న అలవాటు. పర్చూరులో పత్తి కొనుగోలు ఆఫీసులో గుమాస్తాగా ఉన్న ఆ రోజుల్లో, సోమవారం నుంచి శనివారం దాకా ఏ పేజీ తిరగేసినా ‘హాజరు: నేను’ అనే ఉంటుంది. (ఆఫీసులో మనుషులు లేక కాదు. వాళ్లు నాతో మాట్లాడింది పత్తిలో తేమ గురించే కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు.) కనిగిరి వైపు నుంచి వచ్చినవాణ్ణి, చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే మేనమామ ఇంట్లో పెరిగినవాణ్ణి. ఆ ఊళ్లో నన్ను ‘ఏరా’ అని పిలిచే మనిషి లేడు. ఆదివారం పేజీల్లో మాత్రం ముగ్గురి పేర్లుంటాయి.

కారణం టీవీలో వచ్చే ఒక ఇంగ్లీషు సీరియల్. ఒక అంతరిక్షనౌక, అందులో ఏడుగురు (ఒకాయనకు చెవుల వెనక చేపలకుండే మొప్పలు), వారానికో గ్రహం. రేడియోలు బాగుచేసే భాయ్ కొట్లో మరమ్మతుకొచ్చిన టీవీ ఎప్పుడూ ఒకటి ఉండేది. బాగైందో లేదో తేల్చుకోవాలని దాన్ని ఆదివారం సాయంత్రం దాకా అట్టిపెట్టుకునేవాడు. పక్కింటి టీచరమ్మగారు, మిషన్ బళ్లో తెలుగు చెప్పి రిటైరయిన ఆవిడ, చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, ఒక కునుకు తీసి, తన కుర్చీ తనే మోసుకుంటూ వచ్చేవారు. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. డిగ్రీ చదివినవాడు కదా, కథ చెబుతాడని నన్ను లోపలికి పిలిచి స్టూలు వేశారు. ఆ ఇంగ్లీషు ముప్పాతిక వంతు నాకూ అర్థం కావడం లేదని చెప్పడానికి నోరు రాలేదు. చెబితే స్టూలు పోతుంది.

మొదటి వారం టీచరమ్మగారు అడిగింది ఒకటే. “ఆ పిల్ల కెప్టెనుకి ఏమవుతుంది బాబూ?” నాకేం తెలుసు. “మరదలండి,” అన్నాను. అక్కణ్ణుంచి ఇక ఆగలేదు. కెప్టెనూ లెక్కలు కట్టే అతనూ ఎప్పుడూ కీచులాడుకుంటారు కాబట్టి బావాబామ్మర్దులు. మొప్పలాయన మేనమామ, అందుకే ఎవరూ ఎదురు చెప్పరు. నాలుగో వారం మరదలికీ కెప్టెనుకీ పెళ్లి కూడా చేసేశాను. పెళ్లి మాకు కనపడలేదేమని అడిగితే, కరెంటు పోయినప్పుడు అయిపోయిందన్నాను.

ఆ మార్చిలో ఆఫీసు పని మీద గుంటూరు వెళ్లినప్పుడు, పాత పుస్తకాల బండి మీద పరీక్ష గైడ్ల మధ్య ఆ సీరియల్ గైడు దొరికింది. అట్ట మీద నౌక, లోపల రంగుల బొమ్మలు, ఒక్కొక్కరికీ ఒక్కో పేజీ. తిరుగు బస్సులో కూడబలుక్కుంటూ చదివాను. ఏ పేజీ తిప్పినా అదే వరస: ఫలానా గ్రహం, ఫలానా చదువు, బంధువులు లేరు. ఏడుగురూ ఏడు చోట్ల నుంచి ఒంటరిగా వచ్చి ఎక్కినవాళ్లు. మొప్పలాయనకు మేనకోడళ్లు కాదు కదా, సొంత గ్రహమే మిగల్లేదు. చిలకలూరిపేట దాటేదాకా పుస్తకం మూసి, కిటికీలోంచి మిరప కళ్లాలు చూస్తూ కూర్చున్నాను.

దాచెయ్యాల్సింది. కానీ చూపించాలన్న ఆశ చంపుకోలేక పన్నెండో తేదీ ఆదివారం భాయ్ కొట్టుకు పట్టుకెళ్లాను. వాళ్లకు ఇంగ్లీషు రాదు, చదివి చెప్పేది నేనే కదా అనుకున్నాను. బొమ్మకు ఇంగ్లీషు అక్కర్లేదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

“గైడేంటి సార్, దీనిక్కూడా పరీక్ష పెడతారా?” అన్నాడు భాయ్. నౌకను నిలువునా కోసి లోపలి గదులు చూపించే పెద్ద బొమ్మ విప్పి, “పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లాగా ఉందే,” అని టీచరమ్మగారి ఒళ్లో పరిచాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఒక్కో గది మీద వేలు పెట్టుకుంటూ వెళ్లారు.

“ఏడు గదులు, ఏడు మంచాలు. అన్నీ ఒంటి మంచాలే. కెప్టెనుకి పెళ్లయిందన్నావుగా?”

“అలకండి,” అన్నాను.

“నాలుగో వారం పెళ్లయితే అప్పుడే అలకా సార్?” అన్నాడు భాయ్.

“అది సరే, వంటిల్లేది అబ్బాయ్? ఇంతమంది చుట్టాలుండి పొయ్యి లేకపోతే ఎట్టా?” అన్నారు టీచరమ్మగారు.

పొయ్యి దగ్గర దొరికిపోయాను. స్టూలు మీంచి లేచి నిలబడి, అంతా కల్పించానని, వాళ్లలో ఎవరికి ఎవరూ ఏమీ కారని చెప్పేశాను. భాయ్ టీవీ శబ్దం తగ్గించాడు. టీచరమ్మగారు బొమ్మ మీంచి చూపు తిప్పకుండా, “ఒక్కళ్లకీ ఎవరూ లేరా?” అన్నారు.

“లేరండి.”

“అయ్యో,” అన్నారు. ఆ మాట బొమ్మను చూసి అన్నారో, నన్నో తెలియలేదు.

చివరి పేజీలో ఈ ఖాళీ గీతలేమిటని భాయ్ అడిగితే, పుస్తకం కొన్నవాడు తన వివరాలు నింపుకోవడానికని చెప్పాను. పేరు, గ్రహం, బంధువులు. ఆ వారం కథ ఏమిటని నన్నెవరూ అడగలేదు. సీరియల్ అవగానే పుస్తకం అక్కడే వదిలేసి గదికి వచ్చి, డైరీలో ‘ఇక ఆదివారాలు లేవు’ అని రాసి, కింద స్కేలు పెట్టి గీత కొట్టాను.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే గడప మీద పుస్తకం ఉంది. చివరి పేజీ నిండి ఉంది. అక్షరాలు టీచరమ్మగారివి, నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా. మాటలు మాత్రం భాయ్‌వి. పేరు: సార్. గ్రహం: పర్చూరు. బంధువులు: ఎవరు ఏమవుతారో వచ్చే ఆదివారం సారే చెబుతారు.

ఆ సోమవారం నేను ఎవరితోనూ మాట్లాడలేదు. అయినా హాజరులో ముగ్గురి పేర్లూ వేశాను. (డైరీలో పద్ధతి తప్పడం అదే మొదలు. ఆ ఇద్దరూ పోయి ఇన్నేళ్లయింది. ఇవాళ పొద్దున ఇవాళ్టి పేజీ మీద ముగ్గురి పేర్లూ వేసి మళ్లీ తప్పాను.)