బ్రేకు మాస్టారు, మసి ఫిల్టరు

ఇరవై ఆరేళ్ళుగా కారు నడపడం నేర్పుతున్న ఆ మనిషిని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇంట్లో కూడా లేరు. అందరికీ ఆయన బ్రేకు మాస్టారు. నేర్పే కార్లలో పక్క సీటు ముందు, కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. దాని మీద నుంచి ఆయన కుడికాలు తీయగా చూసినవాళ్ళు లేరు. ఆ కాలి బూటు అడుగు ఎడమదాని కంటే ముందే అరిగిపోయేది. ఒంటి బూటు ఏ దుకాణం వాడూ అమ్మడు కాబట్టి మంచం కింద ఎడమ బూట్లు ఏడో ఎనిమిదో పోగుపడ్డాయి. ఇల్లు ఊడ్చిన ప్రతిసారీ ఆయన భార్య, "ఒంటికాలి చుట్టాలెవరైనా ఉంటే చెప్పండి, పంచిపెడతాను" అని ఎత్తిపొడిచేది.

ఆపడం వచ్చినవాడికే నడపడం వస్తుందని ఆయన సిద్ధాంతం. మొదటి రెండు వారాలు ఖాళీ మైదానంలో గుండ్రంగా తిప్పించేవాడు, ఆ తర్వాత సందులు, మలుపులు, మార్కెట్ వెనకాల వీధి. రెండో గేరు, మహా అయితే మూడో గేరు. వీటన్నిటికీ మించిన పాఠం ఒకటుంది. ముందున్న మీటర్ల మధ్య ఏ దీపం వెలిగినా, అది ఏ రంగుదైనా, ఎందుకని అడక్కుండా బండి పక్కకి తీయాలి, ఇంజను ఆపాలి, తాళం చెవి తీసి పైకెత్తి చూపించాలి. ముందువైపు ఫ్యాను మోత పెట్టినా, ఏదో కాలిన వాసన తగిలినా అంతే. తాళం చెవి కళ్ళబడేదాకా మాస్టారు ఊపిరి పీల్చేవాడు కాదు. "నోరులేనిది, కాస్త సేద తీరనివ్వండి" అనేవాడు. పాత కారు రోజుల్లో ఈ పాఠమే ఒకసారి ఇంజన్ని కాపాడింది. అప్పటినుంచి దానికి ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరు లేకపోయింది.

మూడేళ్ళ కిందట కొత్త డీజిల్ కారు కొన్నాడు. కొన్న రోజునే తెల్ల రుమాలు పొగగొట్టంలో తిప్పి, అంటుకున్నదేమీ లేదని వీధిలో వాళ్ళందరికీ చూపించాడు. పెళ్ళికూతురి చీర చూపించినట్టు చూపించాడు. ఆ తెలుపంతా గొట్టంలో బిగించిన ఫిల్టరు పుణ్యం. జల్లెడలా సన్నటి కన్నాలున్న పింగాణీ దిమ్మ అది. మసిని గడప దాటనివ్వదు. ఆ పట్టుకున్న మసినంతా ఏం చేసుకుంటుందో మాస్టారు అడగలేదు. ఏడాది తిరక్కుండా కారు నీరసించింది. ఎంత తొక్కినా ముందుకు పోదు, ముక్కుతుంది, మూలుగుతుంది.

గ్యారేజీ నడిపేది ఆయన బావమరిదే. ఫిల్టరు విప్పి శుభ్రం చేసి బిగించాడు. తర్వాతి ఏడాది మళ్ళీ అదే కథ. రెండోసారి విప్పినప్పుడు దిమ్మలో సన్నటి పగులు చూపించి, మూడోసారి విప్పితే ముక్కలే చేతికొస్తాయని, ఇంకోసారి మూసుకుపోతే కారు మీద ఆశ వదులుకోవాల్సిందేనని చెప్పేశాడు. ఒక అద్దె గది, గోడకు రోడ్డు గుర్తుల పటం, రెండు బ్రేకుల కారు ఒకటి. స్కూలంటే అంతే. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఇంకో కారు కొనే సత్తువ మాస్టారికి లేదు, ఇంకో విద్యా రాదు. కారు పోతే ఆయన కథ కంచికే.

వారానికోసారి పెద్ద రోడ్డెక్కించి అరగంట ఆపకుండా తోలమని బావమరిది నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. అయినా మాస్టారు రెండు ఆదివారాలు వెళ్ళాడు. రెండుసార్లూ దారిలో పసుపు దీపం వెలిగింది. వెలిగితే ఏం చేయాలో ఊరందరికీ నేర్పిన మనిషి తను చేయకుండా ఉంటాడా? పక్కకి తీసి, ఆపి, తాళం చెవి తీసి, చెట్టు కింద అరగంట కూర్చుని ఇంటికొచ్చాడు. ఈ సంగతి బావమరిదికి చెప్పాలని కూడా ఆయనకు తోచలేదు. ఇంత మంచి కారు ఎందుకిలా చస్తోందో అంతుపట్టక, చివరికి బావమరిదే మసి శాతం చూపించే చేతి యంత్రం కారుకి తగిలించుకుని, ఒక రోజు పాఠం జరుగుతుండగా వెనక సీట్లో కూర్చున్నాడు.

ఆ రోజు పాఠం బేకరీ ఆవిడది. యాభై రెండేళ్ళ మనిషి. మొగుడికి చూపు మందగించి బేకరీ వ్యాను మూలపడితే, తనే నడుపుతానని వచ్చింది. మండే బట్టీలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి రొట్టెలు లాగే ఆవిడకి స్టీరింగు పట్టుకుంటే మాత్రం అరచేతులు చెమర్చేవి. అక్కర్లేని చోట బండి ఆపి మూడుసార్లు పరీక్ష తప్పింది. నాలుగోది వచ్చే వారం.

మార్కెట్ వెనక వీధిలో పసుపు దీపం వెలిగింది. ఆవిడ చక్కగా పక్కకి తీసింది, ఇంజను ఆపింది, తాళం చెవి పైకెత్తింది. మాస్టారు శభాష్ అన్నాడు. వెనక నుంచి ఫట్‌మని చప్పుడైంది. బావమరిది నుదురు కొట్టుకున్న చప్పుడది.

"బావా, ఇలా ఎన్నిసార్లు ఆపించావు?"

"ఎన్నిసార్లు వెలిగితే అన్నిసార్లు" అన్నాడు మాస్టారు గర్వంగా.

"అది ఆపమని చెప్పే దీపం కాదు బావా. మసి కాల్చుకోవాలి, ఆపకుండా పోనివ్వండని బతిమాలుతోంది. నువ్వు ప్రతిసారీ పొయ్యిలో నీళ్ళు పోస్తున్నావు."

ఫ్యాను మోతా, కాలిన వాసనా కూడా ఆ మంటవేనని, ఎక్కువసేపు జోరుగా నడిస్తే తప్ప ఆ మసి బూడిద కాదని విడమరిచి చెప్పాడు. మాస్టారు నమ్మలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. బేకరీ ఆవిడ మాత్రం తల ఊపింది. తమ బట్టీ కూడా అంతేనట. అరకొరగా వేడెక్కించి ఆర్పేస్తుంటే గోడలకి మసి బొగ్గులా పేరుకుంటుందట, మంట పూర్తిగా ఎక్కనిస్తే అదే మసి కాలిపోయి ఇటుకలు తెల్లబడతాయట. వాదించడానికి వీల్లేని మాట. మాస్టారి ముఖం పాలిపోయింది. మూడేళ్ళుగా ఆ కారు గొంతు నులుముతున్నది తన చెయ్యేనని ఆయనకి అప్పుడు అర్థమైంది.

యంత్రంలో అంకె ఎనభై నాలుగు. తొంభై దాటితే కారు తనంతట తాను కాల్చుకోవడం మానేస్తుందని బావమరిది చెప్పాడు. ఇప్పుడే పెద్ద రోడ్డెక్కాలి, అంకె దిగేదాకా ఎక్కడా ఆగకూడదు. మళ్ళీ మధ్యలో ఆగితే ఇంకో అవకాశం ఉంటుందో లేదో తను చెప్పలేడు. "నువ్వు దిగి స్టీరింగు తీసుకో బావా" అన్నాడు.

మాస్టారు తలుపు మీద చెయ్యి వేశాడు. అంతలో పక్కకి చూశాడు. బేకరీ ఆవిడ ఎవరూ చెప్పకుండానే బెల్టు విప్పుకుంటోంది. తన చేతిలో పెట్టే పని కాదని తనే తేల్చుకున్న ముఖం అది. పాఠం మధ్యలో మాస్టారు స్టీరింగు లాక్కున్నది ఈ ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారే, మొదట్లో. అప్పుడు స్టీరింగు ముందు కూర్చున్న మనిషి మళ్ళీ కారు ముట్టుకోలేదు. ఇప్పటికీ బస్సు కోసం నిలబడి కనిపిస్తుంటాడు, కనిపించినప్పుడల్లా మాస్టారు తల తిప్పుకుంటాడు.

"మీరు దిగకండమ్మా. ఈ గంట మీది" అన్నాడు.

"కారు పోతుంది బావా" అన్నాడు బావమరిది.

"పోతే నాదే కదరా పోయేది."

ఆవిడ బెల్టు మళ్ళీ పెట్టుకుని, తను మూడో గేరు ఎప్పుడూ దాటలేదంది. నాలుగోది సరిగ్గా దాని కిందే ఉంటుందమ్మా, తిన్నగా లాగితే వచ్చేస్తుంది అన్నాడు మాస్టారు. అన్నాడే గానీ ఆయన కుడికాలు తనంతట తనే బ్రేకు వైపు పోతోంది. కాళ్ళు రెండూ వెనక్కి లాక్కుని సీటు కింద మెలివేసుకున్నాడు.

పెద్ద రోడ్డెక్కారు. నాలుగో గేరు పడింది. యాభై, అరవై, డెబ్భై. ఆవిడ రెప్ప వేయడం లేదు. కాలిన వాసన మొదలైంది, ఫ్యాను హోరెత్తింది. ఆవిడ కాలు సడలబోయింది. "బట్టీ ఎక్కుతోందమ్మా, తలుపు తీయకండి" అన్నాడు మాస్టారు. ఆ మాట ఆవిడకి బాగా ఎక్కింది. మళ్ళీ తొక్కింది. వెనక నుంచి బావమరిది అంకెలు చదువుతున్నాడు. డెబ్భై తొమ్మిది. డెబ్భై. అరవై రెండు.

అంకె యాభై దగ్గర ఉండగా ఒక లారీ అడ్డొచ్చింది. ఇనుప చువ్వలు వేసుకుని ఈడుస్తూ పోతోంది. దాని వెనకే పడి ఉంటే వేగం తగ్గుతుంది, మంట చల్లారుతుంది. ఆవిడ మాస్టారి వైపు చూడలేదు. అద్దంలో చూసింది, ఇండికేటరు వేసింది, పక్క వరుసలోకి తప్పుకుంది. లారీ చక్రాలు కిటికీ పక్కన ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. మాస్టారి గోళ్ళు తొడలో దిగబడ్డాయి గానీ కాళ్ళు కదల్లేదు. లారీ దాటి తన వరుసలోకి వచ్చాక ఆవిడ పెద్దగా ఊపిరి వదిలింది. ఆ తర్వాత నవ్వింది. ఇన్ని నెలల్లో ఆ కార్లో ఆవిడ నవ్వడం అదే మొదలు.

ముప్ఫై. పద్దెనిమిది. తొమ్మిది. బావమరిది గొంతులో మెకానిక్కు పోయి, ఆట చూస్తున్నవాడు వచ్చాడు. ఐదు అని ఇంకా అనకముందే పసుపు దీపం ఆరిపోయింది, ఫ్యాను సద్దుమణిగింది. తొక్కకుండానే కారు ముందుకు ఉరుకుతోంది, బరువు దించుకున్న గుర్రంలా. కారు నిలబడింది, స్కూలు నిలబడింది. వారం తిరిగేసరికి ఆవిడ పరీక్ష కూడా నెగ్గింది. కానీ అవన్నీ తర్వాతి మాటలు. ఆ నిమిషాన మాస్టారికి ఏడుపూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి, రెంటినీ దాచుకోలేదు. బావమరిది వెనక నుంచి భుజం మీద చెయ్యి వేశాడు, ఎగతాళి చేయలేదు.

ముందర రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. ఆవిడ డెబ్భై ఐదులో పోతూనే అడిగింది.

"దీపం ఆరిపోయింది మాస్టారూ. పక్కకి తీసి ఆపమంటారా?"

"ఎందుకమ్మా ఆపడం?" అన్నాడు బ్రేకు మాస్టారు. "ఐదో గేరు కూడా ఉంది, వెయ్యండి."