వీధి మీది, దూలం నాది

మా అత్త పోయింది. శివరాత్రి వెళ్ళిన వారానికి, పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కొంచెం నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. చిక్కపేటలో మన వీధివాళ్ళకు ఇది కొత్త కబురేమీ కాదు. ఆ రోజు అంగళ్ళ షట్టర్లు సగానికి దించి మీరంతా వచ్చారు.

కర్మలు అయిన మర్నాడు రామనవమి ఉత్సవాల కమిటీవాళ్ళు ఇంటికి వచ్చారు. ఈ ఏటి సంచికలో ఆమె గురించి ఒక పేజీ రాసిమ్మన్నారు. నాలుగు మంచి మాటలు చాలన్నారు అధ్యక్షులవారు. నాలుగు మంచి మాటల్లో ఒదిగే మనిషైతే ఆమె మా అత్త ఎందుకవుతుంది? అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత ఉంది కదా, ఆ లెక్కన నేను ఉత్తమురాలినై నెల కావొస్తోంది. నాకేం సంతోషంగా లేదు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. అచ్చు వేస్తారో, మానుకుంటారో వాళ్ళిష్టం.

మన పేటకు కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ముందు సంగతి చెప్పాలి. ఉగాది నుంచి నవమి దాకా రోజూ సాయంత్రం, ఎండ తగ్గగానే, మా అత్త మా ఇంటి ముందు జడకోలాటం నేర్పేది. మా కింది అంతస్తు బట్టల గోదాము. బేళ్ళు ఎత్తి దించడానికి మేడ గోడలోంచి వీధిలోకి ఒక ఇనుప దూలం పొడుచుకొచ్చి ఉంటుంది. దానికి రంగురంగుల తాళ్ళు వేలాడదీసేది. అంగళ్ళలో చిరిగి అమ్ముడుపోని చీరలు అడిగి తెచ్చి తన చేత్తో పేనిన తాళ్ళవి. ఒక్కొక్కరు ఎడమ చేత తాటి కొస, కుడి చేత కోల పట్టుకుంటారు. సగం మంది ఇటు, సగం మంది అటు, ఎదురైనవాళ్ళ కోలకు కోల తగిలిస్తూ, ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి దూరుతూ, పాడుతూ తిరుగుతారు. తిరిగేకొద్దీ పైన తాళ్ళు జడలా అల్లుకుంటూ కిందికి దిగుతాయి. వెనక్కి అడుగులేస్తే విడిపోతాయి. ఒక్కరు దారి తప్పినా పైన చిక్కు పడుతుంది. అప్పుడు ఎవరూ తాడు వదలకూడదు. అల్లినవాళ్ళే, వచ్చిన దారినే వెనక్కి నడిచి విప్పాలి.

తొంభైల్లో కమిటీలోకి చదువుకున్న పిల్లలు చేరాక కరపత్రంలో దీన్ని జానపద సంగీత వర్క్‌షాప్ అని వేయడం మొదలుపెట్టారు. వర్క్‌షాపంటే లారీలు బాగుచేసే చోటు కదా అంది అత్త. తర్వాత ఆ పేరే ఆమెకు నచ్చింది. చేతికి మసి అంటకుండా అక్కడ ఎవడూ పని నేర్చుకోడు, ఇక్కడా అంతే అనేది.

చూసేవాళ్ళంటే ఆమెకు గిట్టదు. పక్కన గోనెసంచి నిండా కోలలు ఉండేవి. వీధిలో ఎవరైనా చేతులు కట్టుకుని నిలబడితే చాలు, పాట ఆపకుండానే వెళ్ళి చేతిలో ఒకటి పెట్టేది. తోపుడుబండి ఆపిన హమాలీలు, పెళ్ళిచీరలు కొనడానికి వచ్చి దారి తప్పిన పెళ్ళివారు, పోస్టుమాను, ఎవరూ తప్పించుకోలేదు. మా మామగారు బతికి ఉన్నన్నాళ్ళు అరుగు మీద కూర్చుని తాళాలు వాయించేవారు. కట్టుకున్న మొగుడికైనా ఊరికే చూసే హక్కు లేదని అత్త ఆయనకు అప్పగించిన పని అది. ఆయన తర్వాత ఆ తాళాలు నాకొచ్చాయి.

నేను హిందూపురం నుంచి కోడలిగా వచ్చిన మొదటి ఉగాదికి కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. కోడళ్ళు వీధిలో ఎగరరని మా అమ్మ నేర్పి పంపింది. అత్త వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. అందరూ చూస్తున్నారత్తా అంటే, వాళ్ళ చేతికీ కోలలిస్తా, ఇంక చూడరులే అంది. ఆ రోజు రెండుసార్లు నా వల్లే చిక్కు పడింది. రెండుసార్లూ అందరూ నాకోసం వెనక్కి నడిచారు. పుట్టింట్లో పాలు పొంగి పొయ్యిమీద పోయినా పూట తిరిగేదాకా తిట్లు తిన్నదాన్ని, అంతమంది నా తప్పు విప్పుతూ పాడుతుంటే ఏం చేయాలో తెలియక ఏడుపొచ్చింది. అత్త అది చూసి, ఏడుపును కూడా తాళంలో ఏడవమంది.

ఆమెకు చూడటమంటే అంత కసి ఎందుకో తర్వాత తెలిసింది. ఆమె తండ్రి ఇదే పేటలో మగ్గం నేసేవాడు, మగవాళ్ళకు జడకోలాటం నేర్పేవాడు. ఆడపిల్లలు గడప దాటకూడదు. "ఏండ్లకేండ్లు గడపలో నిలబడుకోని చూస్తినమ్మే. చూసినందుకు ఏమొచ్చె? కండ్లు నొప్పి" అనేది. ఒక ఏడు ఆట మధ్యలో ఒకాయన కాలు మెలికపడి కూలబడ్డాడట. జత తక్కువైంది. ఎవరూ పిలవకుండానే ఈమె వెళ్ళి ఆ తాడు అందుకుంది. పాట నడుస్తోంది గనక తండ్రి అక్కడ నోరెత్తలేదు, ఇంటికొచ్చాక అనాల్సినవన్నీ అన్నాడు. అన్నీ విని మరుసటి రోజు మళ్ళీ వెళ్ళానని చెప్పి నవ్వేది.

ఇప్పుడు మీలో చాలామందికి గుర్తుండి, పైకి ఎవరూ అనని ఆ సాయంత్రం గురించి రాస్తాను. అధ్యక్షులవారు చదువుతారని తెలిసే రాస్తున్నాను.

ఆ ఏడు కమిటీ మొదటిసారి ఆర్కెస్ట్రా పెట్టించింది. వీధి చివర స్టేజీ, వరసగా కుర్చీలు, ఒక ముఖ్య అతిథి. ఆయన వచ్చేలోగా తాళ్ళు తీసేయాలన్నారు. అత్త సరేనంది, నిజంగానే తీసేద్దామనుకుంది. ఆ రోజు తాళ్ళు పట్టినవాళ్ళలో మన వీధి ఆడవాళ్ళతోపాటు కదిరి నుంచి కూలికొచ్చిన ఒక అమ్మాయి ఉంది. పక్క వీధిలో లేస్తున్న మేడకు ఇసుక మోసేది. పానకం తాగడానికి వచ్చి అత్త చేతికి చిక్కింది. జడ సగం దిగాక చిక్కు పడింది. సరిగ్గా అప్పుడే అతిథి కారు మలుపులో ఆగింది.

అధ్యక్షులవారు పరుగున వచ్చి నేరుగా ఆ అమ్మాయి మీద పడ్డారు. నిన్నెవరు రమ్మన్నారు, మా వీధి పండగలో నీకేం పని అని కేకలేశారు. తప్పు ఆమెదేనని ఆయనకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. చేతులకు సిమెంటు ఉన్నది ఆమెకు మాత్రమే. ఆ అమ్మాయి తాడు వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పానకం బిందెల వెనక్కి వెళ్ళిపోయింది.

బట్టల పేటలో కత్తెరకేం కొదవ? ఎవరో తెచ్చి అధ్యక్షులవారి చేతికిచ్చారు. అత్త తన తాడు పట్టుకుని, ఉన్నచోటు నుంచి కదలకుండా మాట్లాడింది.

"కత్తిరి లోపల పెట్టప్పా. తాడు తెగితే ఇంగోటి పేనుకుంటాం. ఆ పిల్ల మాత్రం ఇంగ ఏ వీధిలోనూ కోల పట్టదు. అది నువ్వు పేనిస్తావా?"

ఈలోగా అతిథి నడిచి వచ్చాడు. మెడలో దండతో, పాపం, మర్యాదస్తుడే. విషయం తెలుసుకుని, తాళ్ళలో ఒకటి ఖాళీగా ఉంది కదా, నేను పట్టుకుంటానమ్మా, తొందరగా విప్పేద్దాం అన్నాడు. వీధంతా మురిసిపోయింది. అత్త మురవలేదు.

"మీరు మంచోరే సారూ. ఆ తాడు మీది కాదు. ఆ పిల్ల యాడ తిరిగిందో ఆ పిల్ల కాలికే తెలుసు."

అంతే, పల్లవి అందుకుంది. తాళ్ళు పట్టుకున్నవాళ్ళంతా నిలబడ్డచోటే కోలలు తగిలిస్తూ పాడారు. అదే పల్లవి, మళ్ళీ అదే పల్లవి. ఆర్కెస్ట్రావాళ్ళు స్టేజీ మీద గిటార్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నా వేళ్ళు నొప్పెట్టాయి గాని తాళం ఆపితే ఊరుకునే మనిషి కాదని తెలుసు. చాలాసేపటికి ఆ అమ్మాయి బిందెల వెనక నుంచి వచ్చింది. ఎవరి వైపూ చూడలేదు. తన తాడు అందుకుంది.

విప్పే అడుగులు మొదలయ్యాయి. చిక్కు ఉన్నచోటికి రాగానే అత్త కోల ఎత్తి, అందరికీ వినబడేలా, ఇది నాదే, లోపలికి పోవాల్సింది బయటికి పోయినా అని చెప్పింది. ఆ అమ్మాయి తల ఎత్తడం అప్పుడు చూశాను. నిజంగా ఆమె తప్పేనా, ఆ పిల్లను కాయడానికి అన్నావా అని తర్వాత నేను ఎన్నిసార్లో అడిగాను. ఎవరిదైతే ఏం, విప్పినాం గదా అనేది. అంతకు మించి ఒక్క ముక్క రాబట్టలేకపోయాను.

మరుసటి ఏడు కరపత్రంలో వర్క్‌షాప్ లేదు. అత్త దాన్ని చదివి, మడిచి దోశెపిండి గిన్నె మీద మూత పెట్టి, తాళ్ళు తీసి దులిపింది. అధ్యక్షులవారు ఉగాది పొద్దునే వచ్చారు. వీధి కమిటీది, పర్మిషన్ లేదన్నారు. అత్త అరుగు మీద కూర్చుని తాళ్ళ ముడులు చూసుకుంటోంది.

"సరేప్పా, వీధి మీది. దూలం నాది. మద్దెలో గాలి ఉండాదే, అది ఎవురిది?" అంది.

ఆ ఏడూ నేర్పింది, ఆ తర్వాతా నేర్పింది. కరపత్రంలో మళ్ళీ ఎప్పుడు వేశారో ఆమె పట్టించుకోలేదు. మోకాళ్ళు పట్టేశాక స్టూలు మీద కూర్చుని, కోలతో నేల మీద కొడుతూ అడుగులు చెప్పేది. తెలుగు పాట ఒకటి, కన్నడ పాట ఒకటి. కాలికి ఏ భాష తెలుసు, తాళం ఒకటే తెలుసు అనేది. కోలలు కొనడానికి వెళ్తే ప్రతి జతా చెవి దగ్గర మోగించి చూసేది. అంగడతను విసుక్కుంటే, నీ ఇంట్లో కొబ్బరికాయ మోగించకుండానే కొంటారా అని గద్దించేది. ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. నేను పనిచేసే ఆఫీసులో పొరపాటు చేసి పదిమందిలో మాట పడిన రోజున, పారిపోకుండా నా కుర్చీలోనే కూర్చుని ఆ కాగితాలు మొదటి నుంచి సరిచేశానంటే అది ఆమె పెట్టిన బుద్ధి. అమ్మ నాకు తలదించుకోవడం నేర్పింది. అత్త నేర్పింది వేరే.

ఇక ఈ ఏడు సంగతి. పేజీ అడగడానికి వచ్చిన రోజే కమిటీవాళ్ళు ఇంకో మాట చెప్పారు. చావు జరిగిన ఇల్లు, ఏడాది దాకా మీకు పండగ లేదు, ఈసారి తాళ్ళు వద్దు, బయటి నుంచి మంచి బృందాన్ని పిలిపించి స్టేజీ మీద కోలాటం ఆడిస్తాం, ఆమె ఫోటో పెద్దది పెడతాం, అందరూ హాయిగా కూర్చుని చూడొచ్చు అన్నారు. మా బంధువుల పెద్దలు కూడా అదే సబబన్నారు. ఏడాది దాకా ఆగిన ఆట మళ్ళీ దూలం ఎక్కదని నాకు తెలుసు. మేము గుమ్మానికి మామిడాకులు కట్టం, ఒబ్బట్లు చేయం, కొత్త బట్టలు కట్టం, కానీ నేర్పడం పండగ కాదు, అది ఆమె పని, పని ఆగదు అని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఉగాది మధ్యాహ్నం హొసకోటె నుంచి కదిరి అమ్మాయి వచ్చింది. ఇప్పుడు అమ్మాయి కాదు, పెళ్ళీడు కూతురున్న ఇల్లాలు. అక్కడ తన వీధి ఆడవాళ్ళకు తనే కోలాటం నేర్పుతోంది. నిచ్చెన వేసుకుని దూలానికి తాళ్ళు కట్టింది. నేను తాళాలు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. మీరంతా మీ మీ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఒక్కరూ కదల్లేదు. మైలింటి తాడు ముందుగా ఎవరు ముడతారు? మిమ్మల్ని తప్పుపట్టను. తాళ్ళు గాలికి ఊగుతున్నాయి. కదిరి అమ్మాయి నా వైపు చూసింది.

మా ఆయన గురించి ఇంతదాకా రాయలేదు. వీధందరి చేతుల్లో కోలలు పెట్టిన మా అత్త కన్నకొడుకు చేతిలో మాత్రం పెట్టలేకపోయింది. ఆయన పుట్టు సిగ్గరి. ఉగాది వస్తే అంగడిలో పనుందని తెల్లారకముందే వెళ్ళిపోయేవారు. ఆమె కూడా ఆయన్ను ఒక్కసారీ బలవంతపెట్టలేదు. ఆ సాయంత్రం ఆయన మేడ దిగి వచ్చారు. గుండు మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. తల్లికి తలకొరివి పెట్టిన మనిషి, ఏడాది దాకా శుభకార్యాల్లోకి రాకూడని మనిషి, వీధంతా చూస్తుండగా నేరుగా వెళ్ళి ఒక తాడు అందుకున్నారు. కోల ఏ చేత పట్టాలో తెలియక నిలబడ్డారు.

"కుడి చేత పట్టుకోన్నా," అంది కదిరి అమ్మాయి. "ఎడమ కాలు ముందుకు."

అప్పుడు ఎదురింటి ఆమె వచ్చింది. ఆమె వెనక చీరలంగడి పిల్లలు వచ్చారు. ఎవరెవరు వచ్చారో మీకే తెలుసు, పేర్లు రాయను. నేను పల్లవి అందుకున్నాను. మొదటి చుట్టులోనే మా ఆయన లోపలికి వెళ్ళాల్సింది బయటికి వెళ్ళారు. ఎవరూ ఆపలేదు. ఆయన ఏడుస్తూనే తిరుగుతున్నారు, తిరుగుతూ మళ్ళీ తప్పుతున్నారు. అందరి తలల పైన జడ ఒక పక్కకు వంకరపోతూ, అయినా అల్లుకుంటూ కిందికి దిగుతోంది.