ఒకటే తోడు, వేరే గిన్నెలు

సోమవారం పొద్దున సిర్గాపూర్ నుంచి మా మేనత్త కోడలు ఫోన్ చేసింది. "వదినా, అత్త పోయింది. చాయ్ తాగి గోడకు ఒరిగింది, గంతే." ఫోన్ పెట్టేసి పొయ్యి మీది అన్నం దించాను. ఏడుపు వెంటనే రాలేదు. అలసట వచ్చింది.

మా నాయనమ్మకు గుబులుండేది. ఆమె కూతురైన మేనత్తకూ వచ్చింది, తర్వాత నాకూ. గుబులంటే రెండు రోజుల దిగులు కాదు. వారాల తరబడి నిద్ర పట్టదు, కూర్చున్నచోటి నుంచి లేవబుద్ధి కాదు, కారణం లేకుండా గుండె దడదడలాడుతుంది. నాయనమ్మకు గాలి సోకిందని బోరంచ గుడి చుట్టూ తిప్పారు. మేనత్త మాత్రం మందులు వేసుకుంది. నన్నూ నెలనెలా సంగారెడ్డి డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లింది.

బస్టాండులో ఎవరైనా ఎటు పోతున్నారని అడిగితే పన్ను నొప్పి అనేదాన్ని. ఆరేళ్లు అదే మాట. ఒకరోజు మేనత్త అందరికీ వినపడేలా అన్నది: "ఆరేండ్ల సంది పన్ను నొప్పేనా బిడ్డా? ఇగ నోట్ల పండ్లు మిగిలినయా అని అడుగుతరు. మనసు బాగలేక పోతున్నమని చెప్పు, ఏమైతది?"

పక్కనున్న చెప్పుల దుకాణం ఆవిడ, అందరూ ఖాలా అని పిలిచేవారు, నవ్వింది. "నాకూ గట్లనే ఉంటది అక్కా. ఏ డాక్టరు?"

నేను తల దించుకున్నాను.

ప్రతిదీ రాసిపెట్టుకోవడం నా అలవాటు. నోటుబుక్కు పేజీకి నడుమ గీత గీసి, ఒకవైపు 'రక్తం', ఇంకోవైపు 'బతుకు' అని రాశాను. నాయనమ్మ మొదటి వైపు. మామ కూలికి హైదరాబాదు పోయి, మేనత్త ఇద్దరు పిల్లలతో ఒంటరిగా మిగిలిన కరువు ఏడాది రెండో వైపు. నా కాన్పు తర్వాతి నెలలు ఎటు రాయాలో తెలియలేదు. అదే రక్తం పంచుకున్న మా నాన్నకు ఏమీ రాకపోవడం ఎటూ పట్టలేదు.

పోయిన నెల మేనత్త ఆ పేజీ చూసి, పాలలో తోడు వేస్తూ అన్నది: "గా గీత తుడిపెయ్. ఒక్కటే తోడు బిడ్డా. ఎండల పెడితే పగటికే పులుస్తది, చలికి పేరుకోనే పేరుకోదు. తోడు మన చేతుల లేదు. గిన్నె యాడ పెట్టాల్నో సూసుకోవాలె." గిన్నె మీద మూత పెట్టి అడిగింది: "నీ బిడ్డకు చెప్పినవా?"

చెప్పలేదు. హైదరాబాదు హాస్టల్లో ఉన్న నా కూతురికీ నిద్ర పట్టడం లేదు. చెబితే తన గతి ఇంతేననుకుంటుందని నా భయం. రేపటి సంబంధాల భయం కూడా ఉంది, దాచను. "చెప్తా అత్తా" అన్నాను. ఆమె బతికుండగా చెప్పలేకపోయాను.

దినాలకు బిడ్డ వచ్చింది. చిక్కిపోయింది. "అమ్మా, నాకే ఎందుకు గిట్లైతున్నదే?" అని అడిగింది. నాయనమ్మ నుంచి నా మాత్రల దాకా మొత్తం చెప్పాను. రక్తంలో వచ్చేది జబ్బు కాదనీ, తొందరగా జబ్బుపడే గుణం మాత్రమేననీ, వచ్చినా మందులతో, మనుషులతో తగ్గుతుందనీ డాక్టరు చెప్పిన మాటలే చెప్పాను.

బిడ్డ అంతా విని, "నేనే కామ్‌చోర్‌నైన, పనిదొంగనైన అనుకున్న" అంది.

అక్కడే చాప మీద పడుకుని నిద్రపోయింది. ఎండ ఆమె పాదాల మీది నుంచి మెల్లగా మోకాళ్ల దాకా వచ్చింది. బయట చుట్టాలు పిలుస్తున్నా నేను లేవలేదు.