ఇస్త్రీ బల్ల మీద ఇంగ్లీషు

మా అక్క పందొమ్మిదేళ్ళు నిలబడి పనిచేసింది. గొప్ప కోసం అనడం లేదు, ఉన్న మాటే చెబుతున్నాను. ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద హోటల్లో, నేల కింది అంతస్తులో లాండ్రీ. అందులో తలుపు పక్కనున్న ఇస్త్రీ బల్ల ఆమెది. పొద్దున ఏడింటికి పెట్టె ప్లగ్గు పెడితే మధ్యాహ్నం మూడున్నరకు తీసేది. దిండు గలీబులు, బల్ల గుడ్డలు, అతిథుల చొక్కాలు, కోట్లు. చొక్కా చేతిలో పడితే మూడు నిమిషాల్లో మడత అయిపోవలసిందే. ఇంటికొచ్చాక మాత్రం మోకాళ్ళు పట్టుకుని మెట్టుమెట్టుకూ మా బావను తిట్టేది. ఆ నొప్పికీ తనకూ ఏం సంబంధమో ఆయనకు ఈనాటికీ తెలియదు.

లాండ్రీ మొత్తానికి ఒకే ఒక్క కుర్చీ. అది ఫోను దగ్గరుంటుంది. గదుల్లోంచి అతిథులు ఫోను చేసి చొక్కా ఎప్పుడొస్తుంది, మరక పోయిందా, గుండీ కుట్టారా అని అడుగుతుంటే జవాబు చెప్పే పెద్దావిడ అందులో కూర్చునేది. ఆవిడ త్వరలో పని మానేస్తుందని తెలియగానే అక్క తిన్నగా సూపర్‌వైజరమ్మ దగ్గరకు వెళ్ళి, ఆ కుర్చీ తనకు ఇమ్మని అడిగేసింది. ముక్కుసూటి మనిషి. సూపర్‌వైజరమ్మ ఔననలేదు, కాదనలేదు. అతిథుల్లో చాలామంది ఇంగ్లీషే మాట్లాడతారు కాబట్టి, పెద్దావిడ భోజనానికి వెళ్ళే గంటసేపు నెల రోజులు ఫోను తీసి చూడమంది. ఆ తర్వాతే ఏ సంగతైనా చెబుతానంది.

ఇక నా సంగతి చెప్పాలి. నేను బళ్ళో ఇంగ్లీషు మాస్టారిని. పిల్లలు నా వెనక నన్ను ఫుల్‌ఫారం మాస్టారు అంటారని నాకు తెలుసు. ఎవరైనా ‘డోంట్’ అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి ‘డు నాట్’ అని పదిసార్లు రాయిస్తాను. ఇరవై ఆరేళ్ళుగా అదే నా ఉద్యోగం, అదే నా గర్వం. అక్కకు ఇంగ్లీషు నేర్పింది కూడా నేనే, ఆదివారాల పూట, ఆమె కూరగాయలు తరుగుతుంటే పక్కన పీట వేసుకుని. నేను నిక్కచ్చిగా నేర్పాను, ఆమె నిక్కచ్చిగా నేర్చుకుంది. అదే కొంప ముంచింది.

మొదటి రోజే ఒక అతిథి తన చొక్కా కాస్త ముందుగా పంపగలరా అని అడిగాడు. అక్క ఒక్కో మాటా విడదీసి, ‘ఐ విల్ నాట్ సెండ్ ఇట్ బిఫోర్ సిక్స్. యూ విల్ వెయిట్’ అంది. తప్పేముంది? నా బళ్ళో అయితే పదికి పది. ఆ అతిథి మాత్రం కింద రిసెప్షనుకు వెళ్ళి, లాండ్రీ వాళ్ళకు తన మీద కోపమెందుకని అడిగాడట. మర్నాడు ఇంకో గది, ఆ మర్నాడు ఇంకోటి. దానికి తోడు వాళ్ళు అడిగేది ఈమెకు ముక్క అర్థమయ్యేది కాదు. నేను విడివిడిగా నేర్పిన మాటల్ని వాళ్ళు సగం మింగేసి, మిగతా సగం కలిపి వదులుతారు. వారం తిరిగేసరికి సూపర్‌వైజరమ్మ పిలిచి, నీ పనికి వంక లేదు గాని ఫోనులో పోలీసులా ఉన్నావు, నెలాఖరు దాకా చూస్తాను అంది.

ఆ సాయంత్రం అక్క మా ఇంటికొచ్చి, చెప్పులన్నా విప్పకుండా గుమ్మంలోనే నిలదీసింది. “ఒరేయ్ తమ్ముడూ, నువ్వు నాకు నేర్పింది మనుషులు మాట్లాడే ఇంగ్లీషేనా?”

వంటింట్లో మా ఆవిడ నవ్వాపుకోలేక గరిటె కింద పడేసింది. నాకు రోషం వచ్చింది. వ్యాకరణం గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. అక్క అంతా విని, వాళ్ళు ఎలా మాట్లాడతారో అలా రాసివ్వమంది, ఆ కుర్చీ పోతే మళ్ళీ ఇంకో పదేళ్ళు నిలబడాలంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూశాక నా వ్యాకరణాన్ని పక్కన పెట్టాను. ఇన్నాళ్ళూ కొట్టేస్తూ వచ్చిన మాటలన్నీ వరసగా కూర్చుని రాశాను. ఐ యామ్‌కు ఐమ్, విల్ నాట్‌కు వోంట్, కెనాట్‌కు కాంట్. దొంగసొత్తు సర్దుతున్నట్టు మధ్యమధ్య గుమ్మం వైపు చూసుకుంటూ రాశాను.

అక్క వాటిని పుస్తకంలో ఎక్కించుకోలేదు. ఆ ఆవిరిలో పుస్తకం తెరిస్తే అప్పడంలా అవుతుంది. లాండ్రీలో ప్రతి బట్టకూ పిన్నీసుతో ఒక అట్ట ట్యాగు పెడతారు, ముందువైపు గది నంబరు, వెనకవైపు ఖాళీ. ఇంకా నంబరు వెయ్యని ట్యాగులు తీసుకుని, ఆ ఖాళీ వైపున ఆమె నా వాక్యాలు రాసుకుని, దండలా గుచ్చి బల్ల పక్క మేకుకు తగిలించింది. ట్యాగుల మీద రాసే అలవాటు కొద్దీ అన్నీ పెద్దక్షరాలే.

నేర్చుకునే పద్ధతి కూడా ఆమె సొంతమే. కాలరు ఇస్త్రీ చేసేటప్పుడు ఈ మొన నుంచి మధ్యకు ఒక లాగుడు, ఆ మొన నుంచి మధ్యకు ఇంకో లాగుడు. ఒక వాక్యం ఒక లాగుడులో అయిపోవాలి. ‘ఐ విల్ నాట్ బి లేట్’ అంటే పెట్టె మధ్యకు చేరినా ఇంకా మాట మిగిలేది. ‘ఐ వోంట్ బి లేట్’ అంటే సరిగ్గా సరిపోయేది. రోజుకు ఎనభై చొక్కాలు, నూట అరవై లాగుళ్ళు. నా బళ్ళో ఏ పిల్లవాడూ జన్మలో అన్నిసార్లు చదవడు. పదిహేను రోజుల్లో అక్క నోరు తిరిగింది. ఇంట్లో బావ నీళ్ళు తెమ్మంటే ‘ఐ కాంట్’, బజారుకు రమ్మంటే ‘ఐ వోంట్’. ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆమె మాత్రం చిన్నపిల్లలా సంబరపడిపోయేది, ఆమెను చూసి నేనూ సంబరపడ్డాను. నోరు తిరగడమే కాదు, చెవి కూడా విచ్చుకుంది. ఫోనులో అవతలి వాళ్ళు మింగిన మాట ఏదో ఇప్పుడు తెలిసిపోతోంది. ఫిర్యాదులు ఆగిపోయాయి.

నెల ముగియడానికి ఒక్క రోజు ఉందనగా హోటల్లో ఒక పెళ్ళి. రెండు గంటలకు ముహూర్తమో ఏదో వాళ్ళ పద్ధతి. పొద్దుటి నుంచీ కోట్ల మీద కోట్లు దిగాయి. ఖాళీ ట్యాగులు అయిపోయాయి. తొందరలో అక్క చెయ్యి మేకు మీది దండలోకి వెళ్ళింది. ఒక ట్యాగు లాగి, ముందువైపు నాలుగు వందల పన్నెండు అని గది నంబరు రాసి, పెళ్ళికొడుకు నల్లకోటుకు గుచ్చి పైకి పంపేసింది.

దాని వెనకవైపు ఏముందో వినండి. ఐమ్ నాట్ కమింగ్. ఐ కాంట్. డోంట్ వెయిట్ ఫర్ మీ. నేను రావడం లేదు, రాలేను, నా కోసం ఎదురుచూడొద్దు అని. స్నేహితురాలు బజారుకు పిలిస్తే ఏం చెప్పాలో నేనే ఇచ్చిన అభ్యాసం అది.

ఒంటిగంటకు కాస్త ముందు ఫోను మోగింది. పెద్దావిడ భోజనానికి వెళ్ళింది. సూపర్‌వైజరమ్మ ఈ నెల రోజుల పరీక్ష ఎలా సాగిందో చూడడానికి పక్కనే నిలబడి ఉంది. అక్క ఫోను తీసింది. అవతల పెళ్ళికొడుకు. ఏడుపు గొంతుతో గబగబా అడిగేస్తున్నాడట. ఈ కోటు నీకెవరిచ్చారు, పెళ్ళికూతురు అక్కడికి వచ్చిందా, ఎటు వెళ్ళింది, ఫోను ఎందుకు తియ్యడం లేదు అని. అని, ట్యాగు వెనక ఉన్నది చదివి వినిపించాడు. పెళ్ళికూతురు ఆ సమయంలో పై అంతస్తులో జడ వేయించుకుంటూ ఫోను పెట్టెలో పడేసి ఉంది. పెద్దక్షరాల్లో రాస్తే ఎవరి చేతిరాతైనా ఒకేలా ఉంటుంది, భయపడ్డ మనిషి అది కూడా చూడడు.

మా అక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క క్షణం సూపర్‌వైజరమ్మ ముఖం కేసి చూసిందట. ‘ఐ డోంట్ నో’ అంటే సరిపోయేది. మూడు వారాలుగా ఆమె అన్నిటికంటే బాగా నేర్చుకున్న ముక్క అదే. కాసేపటికి పెళ్ళికూతురు ఎలాగూ దిగివస్తుంది, ట్యాగు ఎవరిదో ఎవరూ వెతకరు. కుర్చీ ఆమెకు దక్కుతుంది.

అక్క అలా అనలేదు. ఫోను రెండు చేతులతో పట్టుకుని, నేను ఆదివారాలు నేర్పినట్టే, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. “ఐ రోట్ ఇట్. షీ డిడ్ నాట్ రైట్ ఇట్. షీ విల్ కమ్.”

అతను, నువ్వెవరు, నువ్వెందుకు రాశావు అని అడిగాడు. అక్క సిగ్గుతో చచ్చిపోతూ, “ఇట్స్ మై హోంవర్క్” అంది.

అతను ముందు ఊపిరి వదిలాడట. తర్వాత నవ్వాడట. ఆ నవ్వు గది బయటి వాళ్ళకు కూడా వినిపించి తలుపు కొట్టారట. పెళ్ళి సరిగ్గా రెండింటికే జరిగింది.

సూపర్‌వైజరమ్మ నవ్వలేదు. మేకు మీది దండ తీసి, ఒక్కో ట్యాగూ తిప్పి చదివి, అంతా బుట్టలో పడేసి, నీ బల్ల దగ్గరకు వెళ్ళు అంది. అంతే. కుర్చీ మాట ఆ రోజూ ఎత్తలేదు, మర్నాడూ ఎత్తలేదు. ఇచ్చే అభ్యాసం ఏదో రొట్టె గురించో, వాన గురించో ఇచ్చి ఉండకూడదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. అక్కే నన్ను ఓదార్చింది. పోతే పోనీరా, ఆ అబ్బాయి ఏడుపు విన్నాక ఇంకేం అనగలను అంది.

మూడో రోజు గురువారం. పదో తరగతి వాళ్ళ కట్టలు దిద్దుతుంటే బడి ఆఫీసు నుంచి నాకు ఫోనొచ్చిందని పిలిచారు. పరుగెత్తాను. అక్క గొంతు. పొద్దున పనిలోకి వెళ్ళగానే సూపర్‌వైజరమ్మ పిలిచిందట. ఆ అబ్బాయి అంత వేగంగా అడిగితే పక్కనే నిలబడి విన్న నాకే సగం అర్థం కాలేదు, నువ్వు అంతా అర్థం చేసుకున్నావు, తెలీదని తప్పించుకోకుండా నిజం చెప్పావు, ఇంకోసారి ట్యాగుల మీద రాస్తే మాత్రం ఊరుకోను అందట. అక్క ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. మరి ఇప్పుడు ఎక్కడున్నావే అన్నాను.

“కూర్చున్నానురా తమ్ముడూ. కూర్చునే మాట్లాడుతున్నాను.”

ఆఫీసు గుమాస్తా ఏమైందండీ అని కంగారుగా అడిగాడు. ఏమీ కాలేదని తల ఊపి, కళ్ళు తుడుచుకుంటూ, ఇంకా కాసేపు కూర్చోవే అన్నాను.