ఒక్క గదికే చల్లదనం

నా భార్య ఈ నెల మొదట్లో, ఒక ఆదివారం సాయంత్రం పోయింది. మధ్యాహ్నం వరకు మాట్లాడింది. కాస్త మజ్జిగ తాగింది. దిండు సర్దమంది. చీకటి పడకముందే అయిపోయింది. తాను హెడ్ నర్సుగా పనిచేసిన వార్డులోనే, నాలుగో అంతస్తు తూర్పు గదిలో పోయింది. ఆ కిటికీలోంచి హార్బరు బయట ఆగిన ఓడలు కనిపిస్తాయి. గాలి మాత్రం రాదు. ఆ కిటికీ తెరుచుకోదు.

అదే ఆసుపత్రి కంట్రోల్ రూమ్‌లో నా ఉద్యోగం. భవనంలో చల్లదనాన్నీ గాలినీ కంప్యూటరే నడుపుతుంది. దానికి ఏం చెయ్యాలో నేను చెబుతాను. ఆపరేషన్ థియేటర్లోకి బయటి గాలి రాకూడదు, అంటురోగుల గది గాలి బయటికి పోకూడదు. తనిఖీకి వచ్చినవాళ్లు మా రికార్డుల్లో ఎన్నడూ తప్పు పట్టలేదు. కరెంటు బిల్లు తగ్గించమని యాజమాన్యం అడిగినప్పుడు, రోగుల గదుల వేడిని నిబంధన ఒప్పుకునే పై అంచున పెట్టాను. గోడలకున్న ఏసీ రెగ్యులేటర్లకు కంప్యూటర్లోనే తాళం వేశాను. రెగ్యులేటర్ తిరుగుతుంది, ఏమీ మారదు. బిల్లు తగ్గింది. సభ పెట్టి నాకు శాలువా కప్పారు.

అప్పటినుంచి ఇంట్లో నా పేరు వాతావరణ శాఖ.

"వాతావరణ శాఖ వారూ, మా వార్డుకి ఉక్కపోత హెచ్చరిక ఎప్పుడు తీసేత్తారండీ?"

"అంతా రూలు ప్రకారమే ఉంది."

"రూలుకి సెమట పట్టదు కదండీ."

శాలువా చూసి నవ్వింది. "ఈ ఉక్కలో శాలువా ఏటండీ? ఎవులికి సలేసిందనీ?" మర్నాడు దాన్ని వార్డుకు పట్టుకుపోయి, పొద్దుటెండ మంచం మీద పడే ఆ తూర్పు కిటికీకి కట్టింది. ఎండకు అది రంగు వెలిసింది. వార్డులోకి వెళ్లినప్పుడల్లా నేను దానికేసి చూడకుండా నడిచేవాణ్ణి.

ఆమె రోగులతో మాట్లాడుతూ కేస్ షీట్ల అట్టతో విసిరేది. ఆనందపురం వైపు నుంచి వచ్చిన ముసలమ్మలను వంకాయల ధర అడుగుతూ, వాళ్లు నిద్రపోయేదాకా ఆపేది కాదు. ఇంట్లో కరెంటు పోతే ముందు నాకే విసిరేది.

జబ్బుపడి ఆ గదికే రోగిగా వచ్చింది. మొదటి రోజే చెయ్యి చాచి రెగ్యులేటర్ తిప్పింది. అది పనిచెయ్యదని ఆమెకు తెలుసు. నేను చూడలేక, ఫోన్లోంచి ఆ ఒక్క గదికీ తాళం తీశాను. ఆమెకు చెప్పలేదు.

ఆ ఆదివారం పక్క గదిలోని పెద్దాయన పలకరించడానికి వచ్చాడు. వన్‌టౌన్‌లో దర్జీ.

"సిస్టరమ్మా, నీ గది ఎంత సల్లగున్నాదో! మేం ఇడ్లీల్లాగ ఉడికిపోతన్నాం. మా రెగ్యులేటర్ని ఎంత తిప్పినా వినట్నేదు. సెవుడు దానికి."

ఆయన వెళ్లాక ఆమె నా వైపు చూసింది.

"ఏటండీ, వాన నా గదిలోనే పడిందా?"

నేను ఆమె దిండు సర్దబోయాను.

"నాను అందరికీ విసిరినాను. మీరు నాకొక్కదానికే విసిరినారు. ఆయన గది తాళం కూడా తీసెయ్యండి."

"రేపు చూస్తాను," అన్నాను.

ఫోన్ జేబులోనే ఉంది. రికార్డుల్లో రెండు గదులు తేడాగా కనిపిస్తే ఎవరైనా అడుగుతారేమోనని ఆలోచించాను. ఆమె కళ్లు మూసుకుంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కర్మలకు కూర్మన్నపాలెం నుంచి వచ్చిన ఆమె తమ్ముడు నా చెయ్యి పట్టుకుని, "అక్కని బాగా సూసుకున్నావు బావా. గది ఎంత సల్లగుండేదీ!" అన్నాడు. తల ఎత్తలేకపోయాను. మనుషుల్లేని గదుల్లో ఏసీ తగ్గించినా బిల్లు తగ్గుతుంది. కాకపోతే అందుకు ఏ మంచం ఎప్పుడు ఖాళీ అయిందో కనుక్కుంటూ ఉండాలి. అందరికీ ఒకేసారి తాళం వెయ్యడం నాకు సులువనిపించింది.

కార్యం అయిపోయింది. పెద్దాయన ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడట.

రేపు పొద్దున డ్యూటీలో చేరతాను. ముందు రోగుల గదులన్నిటికీ తాళాలు తీస్తాను. తరవాత నాలుగో అంతస్తుకు వెళ్లి, పెద్దాయన్ని రెగ్యులేటర్ తిప్పమంటాను. గది చల్లబడేదాకా పక్కన నిలబడి అట్టతో విసురుతాను.