మధ్యలో ఆగిన గట్టిమేళం

పెళ్ళిపందిట్లో నాకు భయమంటే తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా నాన్న సన్నాయి పక్కన డోలు వాయిస్తున్నవాణ్ణి, ఎవరికి జడుస్తాను? అలాంటివాణ్ణి ఆ సాయంత్రం అమలాపురంలో ఉత్సవం స్టేజీ మెట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ ఎక్కాను.

జాజ్ ఫ్యూజన్ అట. హైదరాబాదు నుంచి వచ్చిన బ్యాండు. డ్రమ్స్, గిటారు, కీబోర్డు, శాక్సఫోన్. మా వైపు వాద్యం ఒకటి కలుపుకుందామని వాళ్ళకు ముచ్చటేసింది, నా ప్రాణం మీదికొచ్చింది. నేను ఒప్పుకున్నానని తెలిసి నాన్న ఒక్కటే మాటన్నారు.

"వెళ్తే వెళ్ళు. మేళం పరువు తీసేవంటే మాత్రం రేపు మలికిపురం పెళ్ళికి నాతో రావద్దు. ఇంకో డోలు చూసుకుంటాను."

అన్నంత పనీ చేసే మనిషి. నాకా, డోలు తప్ప ఇంకో పని రాదు.

మధ్యాహ్నం ఒక్కసారే రిహార్సల్. శాక్సఫోన్ ఆయన నవ్వుతూ చెప్పారు: "ఎవరికి తోచింది వాళ్ళం వాయిస్తాం మాస్టారూ. నేను చూపుడువేలు ఎత్తితే మాత్రం అందరం పాట మొదటికి రావాలి."

"ఆయ్, అలాగేనండి" అన్నాను. తాళం అందింది గానీ, ఆ పాట ఎటు పోతుందో మాత్రం అంతుపట్టలేదు.

సాయంత్రం కచేరీలో ముందు వరసలో నాన్న. తొడ మీద తాళం వేస్తూ నన్నే చూస్తున్నారు. రెండు పాటల గండం గడిచింది. మూడోది ఊపందుకుంది. డ్రమ్స్ అతను నావైపు తిరిగి భేష్ అన్నట్టు తలూపాడు. ఒళ్ళు మరిచాను. అక్కడే నా కొంప మునిగింది. శాక్సఫోన్ ఆయన వేలెత్తి ఊపారు.

పందిట్లో పురోహితుడు వేలెత్తి ఊపితే ఏమిటర్థం? తాళి కట్టే వేళ! ఇక నా చేతులు నన్నడగలేదు. ఒక్క ఉదుటున గట్టిమేళం అందుకున్నాను. ముందు కూర్చున్న ఆడవాళ్ళు కొందరు అక్షింతలు వేయబోయినట్టు చేతులెత్తారు.

అప్పటికిగాని తెలియలేదు చేసిన వెధవపని. ఆపేశాను. నాతోపాటే బ్యాండంతా ఆగిపోయింది. నాన్న లేచారు. అయిపోయింది, స్టేజీ ఎక్కి డోలు లాక్కుంటారనుకున్నాను.

ఆయన ఉన్నచోటే నిలబడి వేలెత్తి ఊపారు.

"గట్టిమేళం మధ్యలో ఆపుతారేంట్రా! అశుభం! వాయించు!"

వాయించాను. ఎవరి మొహమూ చూడలేదు. డ్రమ్స్ అతను అందుకున్నాడు, వెనకే శాక్సఫోన్ కలిసింది. ఎలా ముగించామో ఇప్పటికీ చెప్పలేను. చప్పట్లు వినపడ్డాయి, నేను మాత్రం తల వంచుకునే దిగిపోయాను.

నాన్నను బండి మీద ఎక్కించుకుని ఇంటికి బయల్దేరాను. ఇంకో డోలుకు కబురు పెట్టేశారేమోనని దారంతా చచ్చాను. అడిగే ధైర్యం లేదు. గుమ్మం ముందు దిగి, చెప్పులు విప్పుతూ అన్నారు:

"తొమ్మిదింటికి ముహూర్తం. ఆరింటికల్లా బయల్దేరాలి. ఆ డోలుకి గుడ్డ కప్పి పడుకో."