కారం మిల్లుకి కట్టిన వాసెన

సరిగ్గా కూర్చో తల్లీ. ఆ టీవీ ఆపి విను. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ సొంత కవిత్వం కలపకు.

మీ నాన్న హైస్కూల్లో ఉన్న రోజులవి. గుంటూరులో మన సందు చివరే కారం మిల్లు ఉండేది. నేను అందులో మిరపకాయలకి ముచ్చికలు తుంచేదాన్ని. మీ తాతయ్య పక్షవాతంతో మంచాన ఉన్నారు. మధ్యాహ్నం గబగబా ఇంటికొచ్చి, ఆయనకి అన్నం కలిపి నోట్లో పెట్టి, మళ్ళీ పరుగున పోయేదాన్ని. అంత దగ్గర పని నాకు ఇంకెక్కడ దొరుకుతుంది?

అయితే మర ఆడితే చాలు, సందంతా కారమే. పక్కింటి టీచరమ్మ చీరలు ఆరేస్తే సాయంత్రానికి ఎర్రబడేవి. ఆవిడ మునిసిపాలిటీలో అర్జీ పెట్టింది. ఆవిడ తప్పేం లేదులే. ఆఫీసరు వచ్చి, పది రోజుల్లో కారం బయటికి రాకుండా చూడండి, లేకపోతే మిల్లు నల్లపాడు అవతలికి మార్చుకోండి అని చెప్పి పోయాడు. అంత దూరం పోతే మీ తాతయ్యకి అన్నం పెట్టేదెవరు?

ఓనరుగారు పొగగొట్టం ఎత్తు పెంచారు. కారం మన సందు దాటి వెనక సందులో పడింది. వాళ్ళూ వచ్చి తిట్టిపోయారు.

అప్పుడు నేనన్నాను, ఊరగాయ జాడీకి కట్టినట్టు గొట్టం మూతికి గుడ్డతో వాసెన కడదామండీ అని. కట్టాం. తెలివి ఎక్కువై నేను దాన్ని తడిపాను కూడా, ఇంట్లో కారం దంచేటప్పుడు ముక్కుకి తడిగుడ్డ కట్టుకుంటాం కదా అని. తడికి కారం పట్టి పచ్చడి ముద్దయింది. గాలి ఆడక గుడ్డ ఫట్టున చిరిగింది. ఓనరుగారి తెల్లచొక్కా ఎర్రచొక్కా అయింది.

"నీ వాసెన బంగారంగానూ," అన్నారాయన కళ్ళు తుడుచుకుంటూ, "ఈసారి పొడిది కట్టమ్మా."

పొడిదే కాదు, గాలికి చోటు కూడా ఉండాలని తెలిసొచ్చింది. దళసరి నూలుగుడ్డతో మనిషంత పొడుగు సంచులు కుట్టి గొట్టం మూతికి కట్టాను. గాలి గుడ్డలోంచి పోతుంది, కారం లోపలే నిలుస్తుంది. గంటకోసారి మర ఆపి దులిపితే, రాలిన కారం మళ్ళీ బస్తాలోకే.

గడువు రోజు ఆఫీసరు వచ్చాడు. టీచరమ్మ పంతానికి తెల్లచీర తడిపి ఆరేసింది. పొద్దుటినుంచి, దులపడానికి ఆపినప్పుడు తప్ప, మర ఆడుతూనే ఉంది. చేతులు ముచ్చికలు తుంచుతున్నాయేగానీ, నా కళ్ళు ఆ చీర మీదే. సాయంత్రం ఆవిడ చీర తీసి, అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"తుమ్ము రాలేదండీ," అంది ఆఫీసరుతో. "ఉండనీయండి ఇక్కడే."

నేను మిరపకాయల గుట్ట మీదే కూలబడ్డాను. ఇంటికొచ్చి మీ తాతయ్యకి చెప్తే, ఆయనకి మాట సరిగ్గా రాదుగా, తడబడుతూనే రేపు మధ్యాహ్నం ఏం కూర అని అడిగారు. దొండకాయ అన్నాను. అప్పుడాయన మొహం అదోలా పెట్టి... ఆ, వస్తున్నానమ్మా, వడ్డించెయ్యి! మీ అమ్మ కంచాలు పెట్టేసిందే, చెయ్యందుకో, లేవనీ. ఆయన మొహం అదోలా పెట్టి, ఏమన్నారంటే, మళ్ళీ దొండకాయేనా అని.